మా పాప కళ్ళు, మా అత్తయ్య చెప్పిన సగం సాక్ష్యం

అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకి, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చున్న అక్కలకి, అందరికీ ప్రభువు పేరట వందనాలండి. నా పేరు శాంతి. మీలో సగం మందికి ఆ సంగతి తెలియదు, ఈ రేపల్లె చుట్టుపక్కల నేను కరుణమ్మగారి కోడల్ని, అంతే. అయ్యగారు పది నిమిషాల్లో ముగించమ్మా అన్నారు, ప్రయత్నం చేస్తాను గానీ మాటివ్వలేనండి, ఎందుకంటే ఈ సాక్ష్యంలో మా అత్తయ్య ఉంది, ఆవిడ ఉన్న ఏ సంగతీ పది నిమిషాల్లో అయ్యేది కాదు.

సహోదరులారా, పోయిన వానాకాలం మా ఇంట్లో లైటు వేసినా చీకటిగానే ఉండేదండి. నాకు ఎనిమిదో నెల వచ్చీ రాకుండానే, దండెం మీద బట్టలు ఆరేస్తూ ఉండగా ఉమ్మనీరు పోయింది, మా ఆయన ప్రసాదు చూస్తే నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల మీద ఉన్నాడు, ఫోను ఎత్తడు, ఇంట్లో నేనూ అత్తయ్యా తప్ప ఎవరూ లేరు! అత్తయ్య ఆటో పిలిచి, నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని తెనాలి దాకా ప్రార్థన చేస్తూనే ఉంది. 'ప్రభువా, నా కోడల్ని కాపాడు తండ్రీ, ఏంటయ్యా ఆ గుంతలో దించుతావు, నీ చేతుల్లో పెట్టుకో తండ్రీ, హారన్ కొట్టవయ్యా, నీకే అప్పగిస్తున్నాం ప్రభువా!' ఇందులో ఏది దేవుడికో ఏది ఆటో అతనికో నాకు తెలియలేదు గానీ, ఇద్దరూ విన్నట్టే ఉన్నారు, మేం ఆసుపత్రికి చేరాం.

పాప పుట్టింది. కిలో రెండొందల గ్రాములు. మా ఆయన వచ్చి చూసి, అరచెయ్యి చాపి, పాప వైపు చూసి, మళ్ళీ తన చెయ్యి వైపు చూసుకుని బయటికి వెళ్ళిపోయాడు. గాజుపెట్టెలో పెట్టారు, ముక్కుకి ఆక్సిజన్, నోట్లోంచి సన్నటి గొట్టం, ఒళ్ళంతా వైర్లు. నేను ఏడవలేదండి, గట్టిగా ఏడిస్తే దానికేమన్నా అవుద్దేమోనని ఏడవడానికి కూడా భయమేసింది.

ఇక పాల సంగతి. మన మందిరంలో ప్రేమవిందు అంటే గరిట ఎవరి చేతిలో ఉంటదో మీకు నేను చెప్పక్కర్లేదు. గుండిగల్లో కొలిచే మనిషి మా అత్తయ్య. అలాంటావిడ దగ్గరికొచ్చి పిల్లల డాక్టరుగారు, తల్లి పాలు పిండి ఇవ్వండమ్మా, గొట్టంలోంచి రెండు మిల్లీలీటర్లు పడతాం అన్నారు. రెండా? అంది ఆవిడ. రెండే అన్నారాయన. చెంచాడు కూడా కాదు కదా బాబూ, మా ఇంట్లో పిల్లి పిల్లకి కూడా అంతకంటే ఎక్కువ పోస్తాం అని ఆవిడ వాదనకి దిగితే, మా ఆయన మధ్యలోకొచ్చి, అమ్మా, రొయ్యపిల్లల్ని చెరువులో వదిలిన కొత్తలో మేత కొంచెం కొంచెం వేస్తాం కదే, ఎక్కువ వేస్తే అరగక చస్తాయి కదా అని సర్దిచెప్పబోయాడు. నా మనవరాల్ని రొయ్యపిల్ల అంటావా అని ఆవిడ అక్కడే కొడుకుని రెండు దులిపింది. మర్నాడు చిన్న సీసాలో తేనె పట్టుకొచ్చింది, నాలుక మీద రాద్దామని! నర్సమ్మ ఆ సీసా లాక్కుని బల్ల సొరుగులో పడేసి తాళం వేసింది. అప్పుడు మా అత్తయ్య ఆ గాజుపెట్టె ముందు చేతులెత్తి చేసిన ప్రార్థన నాకు ఇప్పటికీ గుర్తే. 'ప్రభువా, అయిదు వేల మందికి సరిపెట్టిన తండ్రివి, ఈ రెండు చుక్కలు నా బిడ్డకి సరిపెట్టు, ఆ నర్సుకి కొంచెం మెత్తని మనసు ఇయ్యి, ఆమెన్.'

ఆ డాక్టరుగారే నాకు ఇంకో మాట చెప్పారు. నీ పాలు దాని పేగులకి మంచివమ్మా, ఊపిరితిత్తులకి మంచివి, బరువు సరిగ్గా పెరిగితే కళ్ళకి కూడా మంచిది అన్నారు. కళ్ళకేమైందండి అన్నాను. ఇంకా ఏం కాలేదు గానీ, నెలలు నిండని పిల్లలకి కంటి లోపలి పొర మీద రక్తనాళాలు పూర్తిగా పెరగవు, ఇలా ఆక్సిజన్ పెట్టాల్సి రావడం వల్ల, ఒంట్లో బలం లేక, ఒక్కోసారి అవి అడ్డదిడ్డంగా పెరుగుతాయి, అప్పుడు చూసుకోకపోతే ఆ పొర ఊడిపోయి చూపు పోద్ది, పైకి మాత్రం కళ్ళు చక్కగా ఉంటాయి, లోపల చూస్తేనే తెలుస్తుంది అన్నారు. ఆ మాట నా మనసులో మేకులా దిగబడిపోయిందండి.

ఇక అప్పట్నుంచి నేను తిన్నదే తిండి. రోజూ పొద్దున రేపల్లె రైలుబండికి అత్తయ్య క్యారేజీ దిగేది, పాలు పడతాయని సొరచేప పుట్టు, పచ్చిబొప్పాయి కూర, వెల్లుల్లి కారం, మధ్యాహ్నానికి మళ్ళీ సొరపుట్టు. వద్దంటే, నీకెవరు పెట్టారే, నా మనవరాలికి పెడుతున్నా, నువ్వు మధ్యలో గొట్టానివి అనేది! రెండు చుక్కల పాలు అయిదయ్యాయి, అయిదు పదయ్యాయి. మా ఆయన చొక్కా విప్పి పాపని గుండెకి ఆనించి కట్టుకుని గంటలకొద్దీ కూర్చునేవాడు, అలా చేస్తే బరువు పెరుగుతారని నర్సమ్మ చెప్పింది, అది చూసి అత్తయ్య మొదట మొహం తిప్పుకుంది, తర్వాత దుప్పటి కప్పింది, ఆ తర్వాత, ఎద మీద ఆ వెంట్రుకలు గుచ్చుకోవట్రా దానికి అని గొరిగించుకోమని పంపింది. పాప బరువు పెరిగింది. నా బరువు అంతకంటే పెరిగింది. దేవునికే మహిమ!

ఇంటికి పంపే ముందు కంటి డాక్టరమ్మ వచ్చి చూసి, ఇప్పటికి ఫరవాలేదు గానీ నాళాలు ఇంకా పూర్తిగా పెరగలేదు, రెండు వారాల్లో మళ్ళీ తీసుకురావాలి, ఆ రోజు మాత్రం తప్పొద్దు అని మూడుసార్లు చెప్పింది. నేను మూడుసార్లూ తల ఊపాను. అత్తయ్య ఆ పక్కనే సంచులు సర్దుతోంది.

ఇంటికొచ్చాక రెండో ఆదివారం జరిగింది మీ అందరికీ తెలుసు, మీరంతా ఉన్నారు, అత్తయ్య పెట్టిన బిర్యానీ తిన్నారు కూడా. మా అత్తయ్య ఇక్కడే, ఈ మైకు దగ్గరే నిలబడి, ఉమ్మనీరు దగ్గర మొదలుపెట్టి, ఆటో, గాజుపెట్టె, తేనె సీసా అన్నీ చెప్పి, దేవుడు నా మనవరాలికి సంపూర్ణ స్వస్థత ఇచ్చాడు, ఇక మేం ఆసుపత్రి గడప తొక్కే పనే లేదు అంటే, మీరు పైకప్పు ఎగిరేలాగా హల్లెలూయ అన్నారు! నేను ఆ మూలన పాపని పట్టుకుని కూర్చున్నాను. అమ్మో, ఇప్పుడెలా అనుకున్నాను.

అనుకున్నట్టే అయింది. అత్తయ్యా, గురువారం కంటి పరీక్ష ఉంది అంటే, సాక్ష్యం చెప్పాక ఇంకా పరీక్షేంటే అంది. డాక్టరమ్మ రమ్మంది కదండి అంటే, వాళ్ళు అలాగే అంటారు, రమ్మనకపోతే వాళ్ళకి రోజు గడవాలిగా అంది. ఇదిగో చూడు, ఎంత చక్కగా చూస్తోందో అని పాప మొహం ముందు తన చెయ్యి ఊపింది, గాజులు గలగలమన్నాయి, పాప తల తిప్పింది. చూశావా అంది. అది విందండి, చూడలేదు! గాజులు తీసి ఊపండి అత్తయ్యా అన్నాను. నన్ను గాజులు తీయమంటావా అని ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. చనుబాలు కంట్లో రెండు చుక్కలు వేస్తే చాలంది, అందుకు నేను ఒప్పుకోలేదు. మా ఆయన్ని అడిగితే, చెరువులో రొయ్యలకి గాలి కొట్టే ఫ్యాను ఆగిపోయిందట అని బండి తీసి వెళ్ళిపోయాడు. ఆ వారంలో ఎన్ని ఫ్యాన్లు ఆగిపోయాయో ఆ రొయ్యలకే తెలియాలి.

అప్పుడు నేను ఒక ఉపాయం ఆలోచించాను. మా పుట్టిల్లు బాపట్ల కదా, మా అమ్మకి పాపని చూపించి వస్తానన్నాను. రేపల్లె నుంచి బాపట్ల వెళ్ళాలంటే ఎవరైనా తెనాలిలో బండి మారాల్సిందే. బయల్దేరే ముందు వంటింట్లో నిలబడి ప్రార్థన చేశాను. 'ప్రభువా, నేను అబద్ధం ఆడటం లేదు, బాపట్ల వెళ్తానన్నాను, వెళ్తాను. తెనాలిలో మారతాను. రెండు బళ్ళ మధ్య ఏం జరుగుద్దో ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. నా బిడ్డ కళ్ళు నీకు తెలుసు. నన్ను క్షమించాల్సొస్తే సాయంత్రం క్షమించు, పొద్దున మాత్రం బండి టైముకి పంపు.' కళ్ళు తెరిచేసరికి వంటింటి గుమ్మంలో మా అత్తయ్య పట్టుచీర కట్టుకుని, క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. పసిగుడ్డుని వేసుకుని ఒక్కదానివీ బండి ఎలా మారతావే, నేనూ వస్తున్నా, వియ్యపురాల్ని చూసి చాన్నాళ్ళయింది అంది! నేను మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

బండిలో ఆవిడ ఎదురు సీటు వాళ్ళకి సాక్ష్యం చెప్పింది. పక్క సీటు వాళ్ళకి కూడా చెప్పింది. సంపూర్ణ స్వస్థత అన్నప్పుడల్లా నేను పాప చెవుల మీద కొంగు కప్పేదాన్ని. తెనాలిలో దిగాం. నేను పాపని గుండెకి హత్తుకుని బయటికి వెళ్ళే దారి పట్టాను. ఏయ్ అమ్మాయ్, బాపట్ల బండి ఇటు కదా, అటెక్కడికే అంది. నేను ఆగాను. ఏదో ఒకటి నెమ్మదిగా చెబుదామనే అనుకున్నానండి, నిజంగా అనుకున్నాను, కానీ నా నోరు సంగతి మా ఆయనకి తెలుసు. 'అత్తయ్యా, మీ సాక్ష్యం నిలబడాలా, నా బిడ్డకి చూపు ఉండాలా? ఏదో ఒకటి ఇప్పుడే చెప్పండి!' అని అరిచేశాను. సమోసాలమ్మే అతను అరుపు ఆపేశాడు. బండి కోసం నిలబడ్డవాళ్ళంతా ఇటు తిరిగారు.

మా అత్తయ్య క్యారేజీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. మెల్లిగా వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. నేను కూడా పక్కన కూర్చున్నాను. అది కాదే శాంతీ, వెళ్తే ఏదో ఉందంటారేమోనని భయం నాకు అంది. నా పేరు పెట్టి పిలిచిందండి. నిండు సంఘంలో నిలబడి ఆయన అంతా చేసేశాడని చెప్పాను, లోపల ఇంకా ఏదైనా మిగిలి ఉంటే, నేను ఆయన పేరు పాడుచేసినట్టు కాదా అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. ఇన్నాళ్ళూ మొండితనం అనుకున్నాను, అది భయం. నాకున్న భయమే ఆవిడకీ ఉంది. మనిద్దరం పాడుచేస్తే పాడయ్యేంత చిన్న పేరా అత్తయ్యా ఆయనది అన్నాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది, లేచింది, స్టేషను బయటికి నడిచి, మొదటి ఆటో అతనితో పోట్లాట మొదలుపెట్టింది. అమ్మయ్య అనుకున్నాను.

ఆసుపత్రిలో కంట్లో చుక్కలు వేశారు, కాసేపాగి మళ్ళీ వేశారు. లోపలికి తీసుకెళ్ళి, రెప్పలు మూసుకోకుండా చిన్న తీగలాంటిది పెట్టి, తలకి దీపం కట్టుకుని డాక్టరమ్మ చూసింది. పాప ఏడుపు వరండా దాకా వినిపిస్తోంది. మా అత్తయ్య ప్రార్థన దానికంటే గట్టిగా వినిపిస్తోంది. నర్సు వచ్చి, అమ్మా, మనసులో చేసుకోండి అంది. సరేనని మనసులో చేసింది, కానీ చేతులు ఎంత జోరుగా ఊపిందంటే పక్క కుర్చీలో ఆయన లేచి వేరే చోటికి వెళ్ళి కూర్చున్నాడు.

డాక్టరమ్మ బయటికొచ్చి మా ఎదురుగా కూర్చుంది. నాళాలు పాడవుతున్నాయమ్మా, రెండు కళ్ళకీ లేజర్ చేయాలి, రేపే చేయాలి. సమయానికి తీసుకొచ్చారు, ఇంకో వారం పోయాక వచ్చుంటే నేను చేయగలిగింది చాలా తక్కువ ఉండేది అంది. సహోదరులారా, ఆ మాట విన్నారా? ఇంకో వారం! మేం ఎక్కడి దాకా వెళ్ళి వచ్చామో తలుచుకుంటే ఇప్పుడు కూడా నిద్రపోతున్న పాపని లేపి చూసుకుంటాను. ఆ వరండాలోనే గోడకి ఆనుకుని ప్రార్థన చేశాను. 'ప్రభువా, నేను పెద్ద పెద్దవి అడగను. దానికి నా మొహం ఒక్కసారి కనపడనీ. అంత అందమైన మొహం కాదని నీకు తెలుసు, నువ్వే చేశావు. అయినా అది చూడాలి.'

అప్పుడు మా అత్తయ్య ఏం చేసిందో వినండి. సంచీలోంచి ఫోను తీసి, మన స్త్రీల కూడిక గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. మీలో చాలామంది విన్నారు, వినని అన్నల కోసం చెబుతున్నాను. 'నేను కరుణమ్మని. ఆదివారం నేను చెప్పిన సాక్ష్యం సగమే. మిగతా సగం దేవుడు ఇంకా చేస్తున్నాడు, నేనే తొందరపడి ముగించేశాను. రేపు బిడ్డ కళ్ళకి లేజరు. అందరూ మోకాళ్ళ మీద ఉండండి. బిర్యానీ తిన్నవాళ్ళు మరీ తప్పకుండా ఉండండి.' అంతే! ఫోను సంచీలో పడేసి నా చెయ్యి పట్టుకుంది. పదిమందిలో తల ఎత్తుకు తిరిగే మనిషి, ఆ మాట చెప్పడానికి ఆవిడకి ఎంత కష్టమైందో నాకు తెలుసండి. నేను ఆ రోజే ఆవిడ కోడల్నయ్యాను, పెళ్ళినాడు కాదు.

లేజర్‌కి ముందు కొన్ని గంటలు పాపకి పాలు పట్టకూడదన్నారు. బిడ్డ పస్తుంటే నేను తింటానా అని అత్తయ్య కూడా ఉపవాసం పట్టింది, తల్లిని కాబట్టి నేనూ పట్టాను, ఫోను అందుకుని పరిగెత్తుకొచ్చిన మా ఆయన కూడా భయపడి పట్టాడు. ఈ సంఘంలో అందరికంటే చిన్న వయసులో ఉపవాస ప్రార్థనలో పాల్గొంది మా పాపే, కాకపోతే తనకి ఇష్టం లేదని ఆసుపత్రి మొత్తానికి తెలిసేలా చెప్పింది.

లేజర్ అయింది. మర్నాడు మీ ప్రేమ మొదలైంది! కళ్ళ జబ్బు అని విన్నారు కదా, ఇక చూడండి, రేపల్లె నుంచి వచ్చే ప్రతి బండికీ ఒక అక్క దిగడం, చేతిలో క్యారెట్లు, పొన్నగంటి కూర, మునగాకు! కాలవ గట్ల మీద పొన్నగంటి కూర ఆ వారం ఒక్క ఆకు మిగల్లేదట. పాప తినలేదు కాబట్టి అన్నీ నాకే. క్యారెట్ వేపుడు, క్యారెట్ పచ్చడి, పొన్నగంటి పప్పు, క్యారెట్ రసం. చివరికి నా అరచేతులు పచ్చబడ్డాయి, నర్సు చూసి కామెర్లేమోనని కంగారుపడింది. డాక్టరమ్మ నవ్వి, ఆకుకూరలు తల్లికి మంచివే, తినండి, కానీ ఈ జబ్బు క్యారెట్‌తో తగ్గేది కాదమ్మా, చెప్పిన రోజుకి తీసుకురావడంతో తగ్గుద్ది అంది. ఆ మాట మా అత్తయ్య ఇప్పుడు అందరికీ తన సొంత మాటలాగా చెబుతోంది. చెప్పనివ్వండి.

అక్కణ్ణుంచి తిన్నగా బాపట్ల వెళ్ళాం, మాట తప్పలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు తెనాలి వెళ్ళామో లెక్కపెట్టలేదు, వర్షంలో వెళ్ళాం, బండి నిండిపోతే నిలబడి వెళ్ళాం. పోయినసారి డాక్టరమ్మ చాలాసేపు చూసి, నాళాలు సర్దుకున్నాయమ్మా, చూపు నిలబడింది, పెద్దయ్యాక కళ్ళజోడు రావచ్చు, చూపించుకుంటూ ఉండాలి అంది. మా ఆయన అక్కడే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. మా అత్తయ్య చేతులు జోడించి, అమ్మా, ఇప్పుడు సాక్ష్యం చెప్పొచ్చా అని అడిగింది! చెప్పండమ్మా, మళ్ళీ ఎప్పుడు రావాలో కూడా కలిపి చెప్పండి అంది ఆ తల్లి. ఇంటికొచ్చాక అత్తయ్య, ఈ సగం నువ్వు చెప్పవే, నేను చెబితే మళ్ళీ ముగించేస్తాను అని నన్ను పంపింది.

అందుకని సహోదరులారా, సహోదరీలారా, మీ ఇంట్లోగానీ మీ బంధువుల్లోగానీ నెలలు నిండని బిడ్డ పుడితే, తల్లికి కడుపునిండా పెట్టండి, బిడ్డకి తల్లి పాలే పట్టించండి, పిల్ల బొద్దుగా ఉంది కదా, కళ్ళు పైకి చక్కగా ఉన్నాయి కదా అని ఊరుకోకండి. దేవుణ్ణి నమ్మండి, పూర్తిగా నమ్మండి, మోకాళ్ళ మీద అడగండి, అడిగి లేచి తెనాలి బండెక్కండి. ఆయన చేతులు మందిరంలో ఎంత ఉన్నాయో, తలకి దీపం కట్టుకున్న ఆ డాక్టరమ్మ వేళ్ళల్లో కూడా అంతే ఉన్నాయి, నేను చూశాను. నా బిడ్డని చీకట్లో వదలని దేవుడు మీ బిడ్డల్నీ వదలడు, భయపడుతూ అయినా సరే ఆయన దగ్గరికి రండి.

అయ్యగారు వాచీ చూసుకుంటున్నారు, ముగిస్తాను. అదిగో, అత్తయ్య ఒళ్ళో ఉంది మా పాప. ఇంతసేపూ దాని గురించే చెబుతున్నానా, ఒక్కసారి నా వైపు చూడలేదు, ఆ కిటికీ ఊచల మీద ఎగురుతున్న పిచ్చుకనే చూస్తోంది, అది అటు గెంతితే అటు, ఇటు గెంతితే ఇటు. అత్తయ్యా, దాని మొహం ఇటు తిప్పకండి. చూడనివ్వండి. దేవునికే మహిమ.